మద్య నియంత్రణ విధానాలపై ప్రజాభిప్రాయం: సికింద్రాబాద్, తెలంగాణ ప్రాంతం

మద్యం తయారీ, అమ్మకం, సేవనాలపై ప్రభుత్వం విధించే ఆంక్షలన్నిటినీ కలిపి మద్య నియంత్రణ విధానం అంటారు. వీటిలో అన్నిటికన్నా కఠినమైనది సంపూర్ణ మద్యనిషేధం కాగా, దుకాణాల సంఖ్యను కుదించడం, అమ్మకపు వేళలను కట్టడి చేయడం, బడికీ గుడికీ ఆసుపత్రికీ దగ్గరలో దుకాణం పెట్టనివ్వకపోవడం, కొనేవారికి కనీస వయసు నిర్ణయించడం, పండగలకూ ఎన్నికలకూ అమ్మకాలు ఆపించడం, తాగి బండి నడిపేవారిని శిక్షించడం వంటివన్నీ పరిమిత నియంత్రణ కిందికి వస్తాయి. సికింద్రాబాద్‌లోనూ, మొత్తంగా తెలంగాణలోనూ ఈ రెండింటి పట్ల జనం చూపు ఒకటి కాదు. సంపూర్ణ నిషేధం సాధ్యమని నమ్మేవారు తగ్గిపోగా, తమ వీధిలో, తమ పండగ రోజున, తమ పిల్లలు నడిచే దారిలో మద్యం ఉండకూడదని పట్టుబట్టేవారు పెరిగారు. తాగుడు మంచిదా చెడ్డదా అన్న వాదన కన్నా, ఒక ఆంక్ష భారం ఎవరి మీద పడుతోంది, దానివల్ల ఒరిగేది ఎవరికి అన్న ప్రశ్నే ఇక్కడి ప్రజల తీర్పును చాలాసార్లు నిర్ణయించింది.

ఈ అభిప్రాయాన్ని అంచనా వేయడానికి ఎన్నికల ఫలితాలు, వీధి పోరాటాలు, కాలనీ సంఘాల వినతిపత్రాలు, ఆంక్షల అమలులో జనం చూపిన సహకారం లేదా ఎగవేత ప్రధాన ఆధారాలు. ఈ అభిప్రాయం ఏర్పడిన నేలను అర్థం చేసుకోవడానికి ఒక లెక్క ఉపకరిస్తుంది. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశం మొత్తంమీద 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం ఉండగా, తెలంగాణలో 43.3 శాతం ఉన్నారు. స్త్రీలలో దేశ సగటు 1.3 శాతం కాగా తెలంగాణలో 6.7 శాతం. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య ఇంత అంతరం ఉండడానికి కల్లు సంస్కృతి ఒక కారణమైతే, వేర్వేరు పాలనల కింద గడిచిన చరిత్ర మరో కారణం.

లష్కర్ నేపథ్యం

లష్కర్ అని కూడా పిలిచే సికింద్రాబాద్ 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద, బ్రిటిష్ సహాయక సైన్యపు దండు చుట్టూ ఏర్పడింది. దండు ఉన్నచోట మద్యానికి గిరాకీతోపాటు దానిపై భయం కూడా ఉంటుంది. తాగిన సిపాయి క్రమశిక్షణ తప్పుతాడన్నది సైనికాధికారుల నిత్యచింత కాబట్టి, కంటోన్మెంట్ ప్రాంతాల్లో అనుమతి లేకుండా సైనికులకు మద్యం సరఫరా చేయడం నేరమన్న నిబంధన 1924 నాటి కంటోన్మెంట్ చట్టంలో ఒక ప్రత్యేక అంశంగా చేరింది. ఆ విధంగా ఈ ఊళ్లో మద్య నియంత్రణకు బలమైన తొలి కారణం నీతి కాదు, సైనిక అవసరం. నియంత్రణ ఉన్నా మద్యం మాయం కాలేదు. రెజిమెంట్ తన క్యాంటీన్ ద్వారా కొలత ప్రకారం పోయించేది, బజారు సారాను మాత్రం అడ్డుకునేది. సైనిక క్యాంటీన్లలో అర్హులకు తక్కువ ధరకు మద్యం దొరికే ఏర్పాటు నేటికీ కొనసాగుతోంది.

కంటోన్మెంటు వెలుపల నిజాం రాజ్యంలో ఆబ్కారీ, అంటే మత్తు పదార్థాలపై పన్ను, ఖజానాకు ముఖ్యమైన రాబడిగా ఉండేది. కల్లు, సారా హక్కులను గుత్తకు తీసుకున్న గుత్తేదారు సర్కారుకు కట్టిన సొమ్మును అమ్మకాల నుంచి రాబట్టుకునేవాడు. ఈ పద్ధతిలో ఎంత ఎక్కువ తాగితే గుత్తేదారుకూ ఖజానాకూ అంత మేలు. దీనికి ఎదురుగా సంస్కరణవాదుల గొంతు కూడా వినిపించింది. హైదరాబాద్‌లో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ, శుభకార్యాల్లో మద్యమాంసాలను మానాలని తన వారికి బోధించాడు. అణగారిన కులాల సంపాదన కల్లు దుకాణానికి పోవడాన్ని ఆయన ఆత్మగౌరవ సమస్యగా చూశాడు. మద్యాన్ని ఆర్థిక దోపిడీగా చూసే ఈ దృష్టి తెలంగాణలో ఆ తరువాత కూడా పదేపదే కనిపిస్తుంది. గీత కార్మికులను కూడగట్టిన బొమ్మగాని ధర్మభిక్షం ఉద్యమం మద్యాన్ని వ్యతిరేకించినది కాదు, గుత్తేదారును వ్యతిరేకించినది. చెట్టుపై హక్కు గీసేవాడిదేనన్నది దాని వాదన.

కోస్తా, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో కథ మరోలా నడిచింది. రాజగోపాలాచారి ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం తరువాతి ఏడాదే చిత్తూరు, కడప జిల్లాలకు పాకి, 1948 నాటికి మొత్తం మద్రాసు రాష్ట్రాన్ని కమ్మింది. 1953లో వేరుపడిన ఆంధ్ర రాష్ట్రానికి అదే చట్టం వారసత్వంగా వచ్చింది. నిషేధం విఫలమైందని రామమూర్తి కమిటీ నివేదించినా ప్రభుత్వం దాన్ని ఆమోదించకపోవడంతో, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో శాసనసభ విశ్వాసాన్ని కోల్పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కోస్తా, రాయలసీమల్లో నిషేధమూ, తెలంగాణలో ఆబ్కారీ దుకాణాలూ ఒకే రాష్ట్రంలో పక్కపక్కన నడిచాయి. 1960ల చివరలో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం సడలిపోయేదాకా ఈ ద్వంద్వ స్థితి కొనసాగింది. అందువల్ల 1995 దాకా సికింద్రాబాద్ వాసులకు సంపూర్ణ నిషేధం వార్తల్లో చదివిన విషయమే తప్ప అనుభవం కాదు.

సారా వ్యతిరేకోద్యమం, సంపూర్ణ నిషేధం

1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వారుణివాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ పొట్లాల్లో నింపి సరఫరా చేయడంతో సారా ఊరూరికీ చేరింది. పొట్లం చవకైనది, జేబులో పట్టేది, చేను గట్టు దాకా వెళ్లగలిగేది కావడంతో కూలి డబ్బు ఇంటికి చేరకముందే ఖర్చయ్యే పరిస్థితి ఏర్పడింది. దీనిపై తిరుగుబాటు ప్రభుత్వమే నడిపిన మరో కార్యక్రమం నుంచి పుట్టింది. నెల్లూరు జిల్లాలో 1990ల తొలినాళ్లలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన స్త్రీల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. భర్త తాగుడు వల్ల కుటుంబం ఛిద్రమైన తీరును చదివిన స్త్రీలు అది తమ కథేనన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కబురు కూడా పాఠంగా మారి జిల్లా అంతటా వ్యాపించింది. 1992లో నెల్లూరు సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకోవడంతో అవి పదేపదే వాయిదా పడ్డాయి. ఈనాడు పత్రిక ఈ వార్తలకు పేజీలకు పేజీలు కేటాయించింది. అంతకు ముందే ఉత్తర తెలంగాణ పల్లెల్లో నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ సారాను నిషేధించింది. అయితే అక్కడి నిషేధం తుపాకీ నీడలో అమలైనది కాగా, నెల్లూరు ఉద్యమం చీపురుకట్టతో, సమూహ బలంతో నడిచింది. సమాజ ఆమోదం విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. ఎన్.టి. రామారావు మరో అడుగు ముందుకు వేసి సంపూర్ణ మద్యనిషేధం హామీతో 1994 డిసెంబరులో అఖండ విజయం సాధించాడు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. తెలుగునాట మద్యనిషేధానికి ఇంత స్పష్టమైన ప్రజామోదం అంతకు ముందూ ఆ తరువాతా దొరకలేదు.

అయితే ఆ ఆమోదం పల్లె స్త్రీలది, కూలి కుటుంబాలది. సారా పొట్లం మీద కోపంతో పుట్టిన ఉద్యమం విదేశీ మద్యం అని వ్యవహారంలో పిలిచే బ్రాందీ, విస్కీ, బీరులకు కూడా విస్తరించినప్పుడు హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో దానికి అంతటి బలం దొరకలేదు. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి సీసాలు దొంగతనంగా వచ్చాయి. నల్లబెల్లం, పటికలతో కాచే గుడుంబా బట్టీలు పెరిగాయి. సంపన్నుడు ఎక్కువ ధర చెల్లించి సీసా తెప్పించుకుంటే, రిక్షా తొక్కేవాడు ఏమి కలిపారో తెలియని గుడుంబా తాగాడు. కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఖర్చుతోపాటు ఆబ్కారీ రాబడి నష్టాన్ని మోయలేకపోతున్నామన్న వాదనతో చంద్రబాబునాయుడు ప్రభుత్వం 1997లో నిషేధాన్ని సడలించింది. సారా నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచింది. ఈ నిర్ణయంపై స్త్రీల సంఘాలు తీవ్రంగా నొచ్చుకున్నా 1992 నాటి తిరుగుబాటు మళ్లీ రాలేదు. సంపూర్ణ నిషేధం గురించి మాట్లాడినప్పుడల్లా ‘అప్పుడు చూశాం కదా’ అనే మాట ఇక్కడ వినిపించడానికి ఈ రెండేళ్ల అనుభవమే మూలం. అమెరికా 1920 నుంచి 1933 వరకు నిషేధాన్ని అమలుచేసి విరమించుకోగా, గుజరాత్ దాన్ని ఆది నుంచీ కొనసాగిస్తోంది, బిహార్ 2016లో స్వీకరించింది. ఆ ఉదాహరణలు చర్చల్లో వస్తూనే ఉన్నా తెలంగాణలో ప్రజల మనసును ఏర్పరచింది స్వానుభవమే.

కల్లు

తెలంగాణలో మద్యం గురించిన ఏ సర్వే ప్రశ్న అయినా కల్లు దగ్గర తడబడుతుంది. ఈత చెట్టు మీదో తాటిచెట్టు మీదో మోకు, ముత్తాదు వేసుకుని ఎక్కి, చెక్కి, లొట్టి కట్టి దించే కల్లును చాలామంది మద్యంగా లెక్కించరు. ఇంటికి వచ్చిన చుట్టానికి పోసేది, పండగకు అమ్మవారికి పెట్టేది, ఆడవాళ్లూ మగవాళ్లూ కూర్చుని తాగేది కల్లు. అది గౌడ కులస్తుల జీవనాధారం కూడా. అందువల్ల వైన్ షాపు మూయించాలని ధర్నా చేసిన ఊరే, కల్లు దుకాణం మూస్తామంటే గీత కార్మికుల పక్షాన నిలుస్తుంది. ఈ రెండు వైఖరుల్లో వైరుధ్యం లేదు. ఒకటి బయటి పెట్టుబడితో వచ్చిన సరుకు, మరొకటి ఊరి చెట్టు ఇచ్చిన పానీయమని జనం భావిస్తారు.

నగరంలో ఈ భావనకు చిక్కు వచ్చింది. కాంక్రీటు పరచుకున్న జంట నగరాల చుట్టుపక్కల గీయడానికి చెట్లే కరువైనప్పుడు, రోజూ కల్లు కాంపౌండ్లలో అమ్ముడయ్యే కల్లంతా ఎక్కడిదన్న ప్రశ్న తలెత్తింది. క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రజోలామ్ వంటి మత్తుమందులను నీళ్లలో కలిపి, తీపికి శాకరిన్ వేసి కల్లుగా అమ్మే పద్ధతి పేదల బస్తీలను పట్టి పీడించింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను మూయించింది. రాష్ట్ర విభజన తరువాత కె. చంద్రశేఖరరావు ప్రభుత్వం 2014లో వాటిని తిరిగి తెరిపించింది. గీత వృత్తిదారులు దీన్ని తెలంగాణ సంస్కృతికి దక్కిన గుర్తింపుగా స్వాగతించగా, వైద్యులు, బస్తీ స్త్రీలు కల్తీ సంగతి ఏమిటని ప్రశ్నించారు.

ఆ ప్రశ్న ఊహాజనితం కాదని 2015లో తేలింది. కల్తీపై దాడులు ముమ్మరమై మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకపోయేసరికి, దానికి అలవాటుపడినవారు చేతులు వణికి, నిద్రపట్టక, మూర్ఛలు వచ్చి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకూ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ చేరారు. తాము తాగింది చెట్టు కల్లేనని నమ్మినవారికి నిజానికి నిద్రమాత్రల వ్యసనం అంటుకుందన్నమాట. సరుకును ఆపేసి చికిత్స ఏర్పాటు చేయని నియంత్రణ ఏం చేస్తుందో ఆ వారాలు చూపించాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు కాంపౌండ్లను పూర్తిగా మూసేయాలన్న డిమాండ్, కొందరి నేరానికి వృత్తిని శిక్షించవద్దన్న ఎదురువాదన మళ్లీ ఎదురెదురుగా నిలిచాయి. చెట్ల దగ్గరి నుంచి కాంపౌండ్ దాకా సరుకు రాకను నమోదు చేసి, పరీక్షించగల యంత్రాంగం ఉంటే ఈ రెండు పక్షాల మధ్య తగాదా చాలావరకు తీరేది. దాన్ని నిర్మించడంలో వరుస ప్రభుత్వాలు చూపిన అలసత్వం క్షమించదగినది కాదు.

పండగ మూసివేతలు

ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలు సికింద్రాబాద్‌కు పెద్ద పండగ. దండులో పనిచేసిన సురిటి అప్పయ్య, 1813 నాటి కలరా తగ్గితే గుడి కట్టిస్తానని ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ ఉజ్జయినీ మహంకాళి అమ్మవారిని ప్రతిష్ఠించాడన్నది స్థానిక చరిత్ర. బోనం ఎత్తిన స్త్రీ వేపరెమ్మలతో అలంకరించిన కుండతో గుడికి చేరడం, అమ్మవారికి సాక పోయడం, పోతరాజు ఆడుతూ ఊరేగింపు ముందు నడవడం, మరునాడు రంగం పేరుతో భవిష్యవాణి చెప్పడం ఈ పండగ క్రమం. సాకలో కల్లు పోసే ఆనవాయితీ ఎన్నో ఇళ్లలో ఉంది. అదే రోజుల్లో నగర పోలీసు కమిషనర్ ఉత్తర్వుతో మహంకాళి, మార్కెట్, రాంగోపాల్‌పేట, గోపాలపురం, చిలకలగూడ, మారేడుపల్లి వంటి ఠాణాల పరిధిలో మద్యం దుకాణాలు మూతపడతాయి.

అమ్మవారికి కల్లు పెట్టే పండగకు దుకాణాలు మూయడంపై జనంలో పెద్దగా అభ్యంతరం లేకపోవడం గమనార్హం. ఇరుకు సందుల్లో లక్షలాది మంది కదిలే వేళ, ఆడపిల్లలు బోనాలెత్తుకుని నడిచే దారిలో తాగినవాళ్ల గలాటా ఉండకూడదన్నది అందరికీ అర్థమయ్యే కారణం. పైగా అది ఒకటి రెండు రోజుల మూత, పరిధి స్పష్టం, ముందే తెలిసేది. తాగే అలవాటున్నవారు ముందురోజు రాత్రే వైన్ షాపు ఇనుప గ్రిల్ ముందు బారులు తీరి సీసాలు తీసుకెళ్తారు, లేదా ఠాణా హద్దు దాటి పక్క పేటకు పోతారు. ఆంక్ష ఉద్దేశం తాగుడు మాన్పించడం కాదు, వీధిని ప్రశాంతంగా ఉంచడం కాబట్టి ఈ ఎగవేతను ఎవరూ పెద్ద తప్పుగా చూడరు. గణేశ నిమజ్జనం, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి, హోలీలకు ఇలాంటి ఉత్తర్వులే వస్తాయి. వీటిలో కొన్నిటి నుంచి స్టార్ హోటళ్ల బార్లకు, నమోదైన క్లబ్బులకు మినహాయింపు దొరకడం మాత్రం నిష్ఠూరానికి కారణమవుతోంది. శాంతిభద్రతలే కారణమైతే క్వార్టర్ సీసా కొనేవాడికే ఎందుకు కట్టడి అన్న ప్రశ్న న్యాయమైనదే.

గాంధీ జయంతి, గణతంత్ర, స్వాతంత్ర్య దినాల మూసివేత వేరు. దాని వెనుక ఉన్నది శాంతిభద్రతలు కాదు, ఆదర్శం. 2025లో దసరా అక్టోబరు 2నే రావడంతో ఈ ఆదర్శం తెలంగాణ ఆచారంతో నేరుగా ఢీకొంది. దసరాకు మాంసం, మద్యం లేనిదే పండగ కాదనుకునే ఇళ్లు ఇక్కడ కోకొల్లలు. దుకాణాలు మూసే ఉన్నాయి, జనం ముందే కొని పెట్టుకున్నారు, ఆ ముందు రోజుల్లో అమ్మకాలు ఎగిసిపడ్డాయి. మూసివేతను బహిరంగంగా ధిక్కరించినవారు తక్కువ, గాంధీ జయంతి స్ఫూర్తితో తాగుడు మానినవారు అంతకన్నా తక్కువ.

ఖజానా, నమ్మకం

తెలంగాణలో మద్యం దుకాణాల లైసెన్సులను లాటరీ తీసి కేటాయిస్తారు. 2021లో దుకాణాల సంఖ్య 2,216 నుంచి 2,620కి పెరిగింది. వాటిలో గౌడలకు 15 శాతం, షెడ్యూల్డ్ కులాలకు 10 శాతం, షెడ్యూల్డ్ తెగలకు 5 శాతం కేటాయించారు. 2023లో తిరిగి ఇవ్వని రెండు లక్షల రూపాయల రుసుముతో లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు రాగా, ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు రూ.2,600 కోట్లకు పైగా చేరాయి. 2025లో రుసుమును మూడు లక్షలకు పెంచితే దరఖాస్తులు తగ్గినా రాబడి పెరిగింది. ఇంత రాబడి వచ్చే చోట ప్రభుత్వం తాగుడు తగ్గించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటుందని జనం నమ్మడం కష్టం. పల్లెల్లో లైసెన్సు లేకుండా కిరాణా కొట్లలో మద్యం అమ్మే బెల్టు షాపులను అధికారులు చూసీచూడనట్టు వదిలేయడం ఈ అపనమ్మకాన్ని మరింత పెంచింది. ఎన్నో గ్రామాల్లో స్త్రీల సంఘాలు, పంచాయతీలు తామే తీర్మానం చేసి, బెల్టు షాపు నడిపితే జరిమానా అని చాటింపు వేయించడానికి కారణం ఇదే.

ప్రజాభిప్రాయం ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గించిన సందర్భమూ ఉంది. గుడుంబాకు ప్రత్యామ్నాయంగా చవక మద్యం తేవాలని 2015లో తెలంగాణ ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అది సారా పొట్లానికి కొత్త పేరేనని ప్రతిపక్షాలు, స్త్రీల సంఘాలు ఎదిరించడంతో ఆ ఆలోచనను విరమించుకుంది. తరువాత ధూల్‌పేట వంటి చోట్ల గుడుంబా బట్టీలను మూయించి, ఆ పనిపై బతికినవారికి పునరావాసం కల్పించే మార్గం పట్టింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపి, దశలవారీ నిషేధం పేరుతో ధరలు బాగా పెంచింది. పేరెరుగని బ్రాండ్లు, జేబుకు చిల్లు పెట్టే ధరలపై తాగేవారి ఆగ్రహం 2024 ఎన్నికల ప్రచారంలో ప్రధానాంశం కాగా, అదే ఏడాది అక్టోబరులో కొత్త ప్రభుత్వం ప్రైవేటు దుకాణాలను తెచ్చి, 99 రూపాయలకు క్వార్టర్ ప్రకటించింది. ముప్పై ఏళ్ల క్రితం నిషేధ హామీ ఓట్లు తెచ్చిన గడ్డ మీద చవక మద్యం హామీ ఓట్లు తేవడం, మద్యం చర్చ స్త్రీల చేతుల్లోంచి తాగేవారి చేతుల్లోకి జారిపోయిందనడానికి నిదర్శనం.

రహదారి, కాలనీ

నగరంలో విస్తృత మద్దతు పొందిన ఆంక్ష ఏదైనా ఉందంటే అది డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీయే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత తొలి నేరానికి పదివేల రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. పట్టుబడినవారిని బేగంపేట, గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు కుటుంబ సభ్యులతో సహా రప్పించి కౌన్సెలింగ్ ఇవ్వడం హైదరాబాద్ పోలీసుల పద్ధతి. భార్య పక్కన, తండ్రి పక్కన కూర్చుని ప్రమాదాల దృశ్యాలు చూడవలసి రావడం కొందరికి జరిమానా కన్నా బరువుగా ఉంటుంది. 2016 జూలైలో పంజాగుట్ట వద్ద తాగిన విద్యార్థుల కారు ఒక చిన్నారిని, ఆమె కుటుంబ సభ్యులను బలిగొన్నప్పుడు, 21 ఏళ్లు నిండనివారికి బార్లలో మద్యం ఎలా పోశారన్న ఆగ్రహం నగరమంతా పెల్లుబికింది. తాగేవారు కూడా సమర్థించే ఆంక్ష ఇది. ఎందుకంటే ఇది తాగుడును కాక, ఇతరుల ప్రాణం మీదికి తేవడాన్ని శిక్షిస్తుంది.

కాలనీల్లో వివాదం దుకాణం ఎక్కడ పెట్టారన్న దాని చుట్టూ తిరుగుతుంది. బడులకు, గుళ్లకు వంద మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండకూడదన్న నిబంధన ఉన్నా, కొలత గేటు నుంచా గోడ నుంచా అన్న దగ్గర తగాదా మొదలవుతుంది. దుకాణానికి ఆనుకుని నిలబడి తాగడానికి అనుమతించే పర్మిట్ రూమ్ వల్ల సాయంత్రం వేళ ఆ వీధిలో ఆడవాళ్లు నడవలేకపోతున్నారన్నది తరచు వినిపించే ఫిర్యాదు. ఇలా ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది నిషేధం కోరడం లేదు, ఆ మలుపు నుంచి దుకాణాన్ని తీసేయమంటున్నారు. మధ్యతరగతి కాలనీలో వచ్చిన అర్జీకి కదిలిన దుకాణం అర్జీ రాయలేని బస్తీ ముందు వాలే అవకాశం ఎక్కువ. అలాంటి బస్తీల్లో కూలి డబ్బు కరిగిపోయే ఇళ్ల స్త్రీలు ఏమి కోరుతున్నారో నేరుగా, భర్తలు ఎదురుగా లేనప్పుడు అడిగి నమోదు చేసే పనిని దూబగుంట తరువాత కూడా ఏ ప్రభుత్వమూ పెద్ద ఎత్తున చేపట్టలేదు.